లాభం, రెండు, మూడు

నాలుగో మానిక బస్తాలోకి దించేసరికి మరిడమ్మకి నడుం పట్టేసింది.

"నాలుగు," అని పైకే అనుకుని, లెక్క జారిపోకుండా మానికని బియ్యంలోనే వదిలేసి, రెండు చేతులూ నడుముకి ఆనించి నిలబడింది. వంటపాక గుమ్మం ముందు పిల్లలు గెంతుతున్నారు. గెంతితే ఆవిడకేం బాధ లేదు, పిల్లలన్నాక గెంతుతారు. కానీ సరిగ్గా తన గుమ్మం ముందే, పొయ్యికీ కుళాయికీ మధ్య తను రోజుకి వందసార్లు తిరిగే దారిలోనే, సుద్దముక్కతో బారెడు గీత గీసి, దానిమీద సున్నా నుంచి ఇరవై దాకా అంకెలేసి, అక్కడే గెంతాలా? దీన్ని సంఖ్యారేఖ అంటారట. రోజూ పొద్దున్న యూనివర్సిటీ పిల్లలు గీస్తారు. రోజూ మధ్యాహ్నం మరిడమ్మ కడిగేస్తుంది. ఆరు వారాలుగా రెండు పక్షాల్లో ఒక్కరూ తగ్గలేదు.

"సాంబారు గుండిగ తెత్తుంటే పిల్లగుంటలు కాలికడ్డం పడితే పూచీ ఎవుడిది?" అని కేకేసింది.

"అయిపోయింది మామ్మా, అయిదు నిమిషాలు!" అంది శ్రావ్య వెనక్కి తిరక్కుండానే.

ఆ అయిదు నిమిషాలూ ఆరు వారాల కిందట మొదలైనవే.

శ్రావ్యది ఉపమాక. విశాఖలో యూనివర్సిటీలో లెక్కలు చదువుతోంది. ఆ పిల్లా, శ్యామ్ అని ఇంకో కుర్రాడూ రోజూ పొద్దున్నే రైలు దిగి, బెల్లం మార్కెట్టు వెనక సందులో ఉన్న ఈ బడికి వస్తారు. చిన్నపిల్లలకి లెక్కలు చెప్పి, వాళ్ళకి ఎంత వచ్చిందో చూపిస్తే అక్కడ వీళ్ళకి మార్కులు. రావడం మంచిదే, కాదనడానికి లేదు. రెండో టీచరు సెలవు మీద వెళ్ళి ఆరు నెలలయింది. మాస్టారు సూర్యనారాయణమూర్తిగారొక్కరే అయిదు తరగతులూ ఈదుతున్నారు. అయితే వీళ్ళు చెప్పే లెక్కలకి నల్లబల్లా సుద్దముక్కా చాలవు. మొదటి వారం చింతపిక్కలు అడిగారు. రెండో వారం కొలతల పాఠమని గరిటెలు పట్టుకెళ్ళి, బిందె నిండడానికి ఎన్ని గరిటెల నీళ్ళు కావాలో లెక్కేసి, గరిటెలు ఎండలో పారేసి వెళ్ళిపోయారు. మూడో వారం ఉడికిన గుడ్లు పట్టుకెళ్ళి సగాలు, పావులు అని కోసి తెచ్చారు. ముక్కలైన గుడ్డు ఏ పిల్లకి వడ్డించాలి? ఎవరికి సగం, ఎవరికి పావు? మరిడమ్మ ఆ రోజు మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి, "సదువులు మీరు సెప్పుకోండి బాబూ, నా వంటలో ఏలెట్టొద్దనండి," అని చెప్పి మరీ వచ్చింది.

మళ్ళీ వంగింది. నాలుగో మానిక తల అరచేత్తో చదునుగా కొట్టి గుండిగలో ఒంపింది. "అయిదు."

బడిలో పిల్లలు అరవై ముగ్గురు. ఒక్కో మానిక ఎనిమిది మందికి. ఎనిమిది మానికలు పోస్తే అరవై నలుగురికి వస్తుంది. ఆ మిగిలిన ఒక్క పాలూ మరిడమ్మది. ఈ లెక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పొయ్యి దగ్గర తేలింది. పదహారేళ్ళుగా ఈ పాకలో అన్నం ఏనాడూ తక్కువ పడలేదు. తూకం మిషను ఒకటి ఇచ్చారు గానీ దానిమీద ఆవిడ ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంది.

"ఆరు... ఆరున్నొక్కటి..."

గుమ్మంలో నీడ పడింది. గుమ్మంలోకి దొర్లిన సుద్దముక్క కోసం వచ్చిన శ్రావ్య నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"మామ్మా, ఇప్పుడేటన్నారు మీరు?"

"ఏటన్నాను? బియ్యం కొలుత్తన్నాను. కనపళ్ళేదేటి?"

"ఆరు తరవాత ఏటన్నారు?"

"ఆరున్నొక్కటి."

"మరి మొదటి మానికకి?"

"లాభం," అంది మరిడమ్మ విసుగ్గా. "ఏం, మీ ఉపమాకలో బియ్యం కొలవరేటి?"

శ్రావ్య గడప మీద కూలబడింది. రెండు చేతులతోనూ తల పట్టుకుంది. సుద్ద జుట్టుకి అంటుకుంది.

"ఆరు వారాలు మామ్మా! లెక్కపెట్టమంటే వరండాలో కూచునే పిల్లలందరూ లాభం, రెండు, మూడు అంటన్నారు. ఏడుకి ఆరున్నొక్కటి అంటన్నారు. సాయంత్రానికి మానిపిస్తే తెల్లారేసరికి మళ్ళీ లాభం! ఎక్కణ్ణుంచి వత్తందో తెలీక ఇంటింటికీ తిరిగేం. శ్యామైతే రిపోర్టులో నాలుగు పేజీలు రాసేడు, తల్లిదండ్రుల వ్యాపారం పిల్లల బుర్రల్లోకి ఎక్కిపోతందని!"

ఆ పిల్లల్లో ఒక్కరి తండ్రీ వ్యాపారి కాడు. సగం మంది మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కళాసీలు, మిగిలినవాళ్ళవి ఆటోలు. వంటపాకకీ వరండాకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. దాని అవతల ఒకటి, రెండు, మూడు తరగతులు కూర్చుంటాయి. పొద్దున్నే వాళ్ళ చెవిన పడే మొదటి లెక్క మరిడమ్మదే. ఆ లెక్క పుట్టిన చోటు తప్ప ఊరంతా వెతికారు ఈ చదువుకున్నవాళ్ళు.

"లాభమంటే తప్పేటి?" అంది మరిడమ్మ, మానిక బస్తా మీద పెట్టి. "బియ్యాన్ని ఒకటన్నామంటే ఒకటితోనే సరి. లాభమంటే పెరుగుద్ది. ఏడంటే ఏటి? పొద్దున్నే గుండిగ ముందు నిలబడి గుంటల్ని ఏడు, ఏడు అని దీవించమంటావా?"

"అది అంకె మామ్మా!"

"అంకైతే కాయితమ్మీద రాసుకో. నోటితో అనకు."

ఇది ఆవిడ సొంత తెలివి కాదు, మొగుడు రాములు నేర్పింది. రాములు ఊళ్ళో ఒక ధాన్యం కొట్లో కొలగాడు. రోజుకి ఎన్ని బస్తాలైనా ఒక్క గొంతుతో, ఒక్క ఊపులో కొలిచేవాడు. బజారుకి అవతలి కొస నుంచే ఆ గొంతు వినిపించేది. పదిహేనేళ్ళ పిల్లగా మరిడమ్మ కాపరానికి వచ్చి, మొదటిరోజు అత్తగారి ముందు బియ్యం కొలుస్తూ "ఒకటి" అంటే, అత్తగారు మానిక లాక్కుంది. ఆ రాత్రికి రాములే పక్కన కూర్చుని, లాభం అనడం దగ్గర్నుంచీ నేర్పాడు. బడి మొహం చూడని మరిడమ్మకి వచ్చిన చదువల్లా అదే. కొట్లోకి కాటా మిషను వచ్చాక రాములు గొంతుతో ఎవరికీ పని లేకపోయింది. తరవాత రెండేళ్ళకే పోయాడు. ఇప్పుడు ఊళ్ళో ఆ లెక్క పైకి చెబుతున్నది తనొక్కతే అని మరిడమ్మ నమ్మకం.

"మీ నమ్మకాన్ని నేనేం అనట్లేదు మామ్మా," అంది శ్రావ్య నీరసంగా. "ఈ రోజే మాకు ఆఖరు. మూడింటికి మా శ్రీదేవి మేడమ్ వత్తారు. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారు. మొదట దివ్యని పిలుద్దామనుకున్నాం. ఎక్కాలన్నీ వచ్చు దానికి. కానీ లెక్కపెట్టమన్నారంటే లాభంతో మొదలెడతాది. అంకెలే రావని రాసేత్తారు."

దివ్య పేరు వినేసరికి మరిడమ్మ గోడ అవతలికి తొంగి చూసింది.

దివ్య మూడో తరగతి, ఆవిడ మనవరాలు. కొడుకు అప్పలరాజుది అచ్యుతాపురంలో కంపెనీ పని. షిఫ్టు డ్యూటీలు, చంటిపిల్లతో భార్య కుమారి, ఒకటే గది. అందుకని మూడేళ్ళ కిందట దివ్యని తన తల్లి దగ్గర వదిలాడు. ఈ మూడేళ్ళలో మరిడమ్మ ఇంట్లో రెండో మనిషి అలికిడంటే ఆ పిల్లే. ఇప్పుడు అప్పలరాజుకి ఇల్లు కాస్త పెద్దది దొరికింది. అక్కడ ఇంగ్లీషు బడి కూడా దొరికింది. మొన్న ఆదివారం వచ్చి, "శుక్రవారం ఆ కాలేజీవోళ్ళ టెస్టులో గుంటకి బాగా వత్తే నీ కాడే ఉండనీ. రాలేదంటే మాత్రం తీసుకెల్లిపోతానమ్మా, మళ్ళీ అనొద్దు," అన్నాడు. ఈ రోజు సెలవు పెట్టి మరీ వస్తానన్నాడు.

మిగిలిన పిల్లలు లాభమన్నా నష్టమన్నా శ్రావ్య చూసుకుంటుంది. దివ్య లాభమంటే మాత్రం పిల్ల వెళ్ళిపోతుంది. పంపించేది ఎవరి నోరంటే తన నోరే.

శ్రావ్య వెళ్ళాక మరిడమ్మ గుండిగలో బియ్యమంతా తిరిగి బస్తాలో పోసేసింది. గోడ అవతల దివ్య రెండో వరసలో కూర్చుని ఉంది. మొదటిసారి నోరు మెదపకుండా కొలిచింది. నాలుగో మానికో అయిదో మానికో తెలియలేదు. ఆవిడ చేతికీ లెక్కకీ మధ్య ఎప్పుడూ నోరు ఉండేది. మళ్ళీ బస్తాలో పోసింది. రెండోసారి మనసులో లాభమని, పైకి ఏమీ అనకుండా చూసింది. ఆరు దగ్గర ఎవరో పిల్లాడు దగ్గాడు, లెక్క పోయింది. ఎసరు మరిగి మూత ఎగురుతోంది. పదిన్నర దాటుతోంది. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి ఆవిడకి. ఈ యూనివర్సిటీ ఎవడు పెట్టమన్నాడు?

మూడోసారి మానిక ఎత్తి, గోడవైపు తిరిగి, "ఒకటి," అంది.

వరండాలో గుసగుసలు ఆగిపోయాయి. ఒక్క క్షణం తరవాత వెనక వరస నుంచి ఎవరో పిల్ల, "మామ్మా, తప్పు! లాభం!" అని అరిచింది. వెంటనే మూడు తరగతులూ కలిసి "లాభం! లాభం!" అని అందుకున్నాయి. మాస్టారు లోపలి గదిలోంచి తొంగి చూశారు. సంఖ్యారేఖ మీద నిలబడిన శ్యామ్ చేతిలోని ఫోను దించేశాడు.

"నోర్ముయ్యండి! ఇయ్యాల్టి నుంచి ఒకటే!" అని గర్జించింది మరిడమ్మ. "ఒకటి! రెండు! మూడు!"

ఏడో మానిక దగ్గర గొంతు తగ్గింది. అయినా ఏడు అని గోడ దాకా వినపడేలా అని, మానికని కళ్ళకద్దుకుంది. పోయినవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. తప్పు నాది కాదు, నీ కొడుకుది, అనుకుంది.

పదకొండింటికి విరామంలో దివ్యని పాకలోకి లాక్కొచ్చి, ఉడికిన గుడ్ల తపేలా ముందు కూర్చోబెట్టింది.

"లెక్కపెట్టు."

"లాభం..."

"ఒకటను."

"నువ్వే కదా మామ్మా లాభమనమన్నావు?"

"ఇప్పుడు కాదంటన్నాను."

"ఒకటంటే అన్నం సాలదన్నావు."

"సాలుద్ది. నువ్వు ఒకటను."

దివ్య గుడ్డు చేతిలో పట్టుకుని ఆలోచించింది. ఆ పిల్ల ఏదీ ఊరికే ఒప్పుకోదు. తాతలా ప్రతిదానికీ కారణం కావాలి. "ఇంట్లో కొలిసినప్పుడో?"

"ఇంట్లో లాభం. బల్లో ఒకటి. తెలిసిందా?"

"ఊఁ." రెండు గుడ్లు పక్కన పెట్టి మళ్ళీ ఆగింది. "మరి వంటపాక ఇల్లా, బడా?"

బడి రిజిస్టరులో మరిడమ్మ పేరు టీచర్ల పేజీలో లేదు, పిల్లల పేజీలో లేదు. పదహారేళ్ళుగా తెల్లారితే ఇక్కడికే వస్తోంది. ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువసేపు ఉంది. "ఎదవ పెశ్నలు. గుడ్లు సల్లారిపోతన్నాయి, లెక్కెట్టు," అని కసిరింది. దివ్య ఒకటి దగ్గర్నుంచి అరవై మూడు దాకా ఒక్క తప్పు లేకుండా లెక్కపెట్టింది.

వడ్డన అప్పుడు మరిడమ్మ గరిటె వేసిన ప్రతిసారీ గుండిగ అడుగుకేసి చూసుకుంది. అయిదో తరగతి వరసకి వచ్చేసరికి తక్కువ పడుతుందని తేల్చేసుకుంది. పడలేదు. అందరికీ సరిపోయింది, అడిగిన ఇద్దరికి మారు కూడా వేసింది. మాడు పక్కన తన పాలు తనకి ఎప్పటిలాగే మిగిలింది. అందుకు సంతోషించాలి. ఆవిడకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒకటన్నా సరిపోతే, ఏడన్నా సరిపోతే, మరి నలభై అయిదేళ్ళు లాభమని ఎందుకు అన్నట్టు? ఆ అన్నం సగం తిని సగం కుక్కకి పెట్టేసింది.

మూడు కాకముందే శ్రీదేవి మేడమ్ వచ్చింది. కళ్ళజోడు, నూలు చీర, చేతిలో కాగితాల అట్ట. వరండాలో బల్ల వేశారు. గేటు దగ్గర బండి ఆపి అప్పలరాజు దాని మీదే కూర్చున్నాడు. హేండిలుకి ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. మరిడమ్మ గుండిగ తోముతున్నట్టు నటిస్తూ గోడ దగ్గరే నిలబడింది.

దివ్యని పిలిచారు. బల్లమీద చింతపిక్కలు పోసి లెక్కపెట్టమంది మేడమ్. దివ్య మొదటి పిక్క తీసింది. మేడమ్ వైపు చూసింది, గోడ వైపు చూసింది. మరిడమ్మ పీచు గట్టిగా నొక్కింది. కాళ్ళమీద మసినీళ్ళు కారాయి.

"ఒకటి," అంది దివ్య.

శ్రావ్య కళ్ళు మూసుకుంది. దివ్య ఆగకుండా, ఏడు దగ్గర కూడా ఆగకుండా, ఇరవై ఆరు పిక్కలూ లెక్కపెట్టింది. కూడికలు చేసింది. తీసివేతలు చేసింది. ఎనిమిదో ఎక్కం అప్పజెప్పింది.

"ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు అన్నావు కదా," అంది మేడమ్ ముచ్చటపడి. "దాంతో ఒక లెక్క తయారుచేసి చెప్పగలవా? నీ సొంతంగా?"

"మానిక బియ్యం ఎనిమిది మందికి వస్తాది. మా మామ్మ ఎనిమిది మానికలు పోస్తాది. అరవై నాలుగు. మేం అరవై ముగ్గురం. ఒకటి మిగులుద్ది," అంది దివ్య. ఊపిరి పీల్చుకుని, "అది మా మామ్మది," అంది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. శ్యామ్ చప్పట్లు కొట్టాడు. మరిడమ్మకి కడుపు నిండిపోయింది. ఇంక పిల్ల ఎక్కడికీ పోదు. ఒక్క పూట నోరు మైలపడితే పడింది, పిల్ల దక్కింది. అప్పటిదాకా ఆ యూనివర్సిటీ పిల్లల మీద ఉన్న కోపమంతా దిగిపోయి, వెళ్ళేముందు వాళ్ళకి టీ పెట్టి ఇవ్వాలనుకుంది.

శ్రావ్య మాత్రం అప్పటికే గేటు దగ్గరికి పరిగెత్తింది. "మీరేనా దివ్య నాన్నగారు? ఏం పాపండీ మీ పాప! ఇలాంటి పిల్లకి మంచి స్కూలు పడాలండీ, ఎక్కడికో వెళ్ళిపోతుంది!"

మరిడమ్మ పీచు పారేసి చేతులు తుడుచుకుంటూ వెళ్ళేసరికి అప్పలరాజు మొహం వెలిగిపోతోంది.

"ఇన్నావేటమ్మా, ఈ యూనివర్సిటీ అమ్మాయి సెప్పింది? మంచి స్కూల్లో ఎయ్యాలంట. ఇప్పుడే ఎల్లిపోతాం."

"రాకపోతే తీసుకెల్తానన్నావు," అంది మరిడమ్మ. "వచ్చింది కదరా."

"వచ్చింది కాబట్టే తీసుకెల్తన్నాను. రాకపోతే ఏ బల్లో ఏస్తే ఏటి?"

అప్పలరాజు సంచిలోంచి నల్ల బూట్లు, తెల్ల మేజోళ్ళు, ఎర్రగీతల టై తీశాడు. దివ్య అవి చూసి కేక పెట్టింది. మరిడమ్మ బూట్లనీ కొడుకునీ మార్చి మార్చి చూసింది.

"ఇయ్యెప్పుడు కొన్నావురా?"

"మొన్న సోమవారం." అతను తల వంచుకుని పిల్ల కాలికి బూటు తొడుగుతున్నాడు. "సీటు రాయించేసేను. వచ్చే సోమవారం నుంచే క్లాసులంట. మాస్టారికి నిన్ననే ఫోన్ సేసి సెప్పేను."

"మరి ఈ టెస్టు ఎందుకురా? ఎందుకు సెప్పేవు నాకు?"

"ఊరికే తీసుకెల్తానంటే నువ్వూరుకుంటావేటమ్మా?" లేచి నిలబడి, కాస్త మెత్తగా అన్నాడు. "నానూ సదివింది ఈ బల్లోనే కదా. ఏటయ్యేను?"

తన పొగడ్త ఎక్కడికి దారితీసిందో శ్రావ్యకి అప్పుడు అర్థమై, "మామ్మా, నేను... నాకు తెలీదు," అని ఏదో చెప్పబోయింది. మరిడమ్మ ఆ పిల్ల మీద అరవాలనుకుంది. అరిచే ఓపిక లేదు, అరిచి ఉపయోగమూ లేదు. ఆ పిల్ల చెప్పింది అబద్ధమూ కాదు.

దివ్య బండెక్కి తండ్రి వెనక కూర్చుంది. బూట్లు గాల్లో ఆడించుకుంటూ, వాటినే చూసుకుంటూ, అప్పుడేదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"మామ్మా, నాన్నింట్లో ఒకటా, లాభమా?"

"మీ అమ్మనడుగు, ఎల్లు," అని కసిరింది మరిడమ్మ.

బండి సందు తిరిగి మార్కెట్టు రోడ్డెక్కాక గానీ తను పిల్లతో అన్న ఆఖరి మాట అదేనని ఆవిడకి తట్టలేదు. లాభం తల్లీ అని ఉంటే ఏం పోయేది? అక్కడే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టుకుంది, కొడుకుని కాదు, తన నోటిని. పొద్దున్న ఒకటి అనమంటే అంది. సాయంత్రం లాభం అనాల్సొచ్చేసరికి మూసుకుపోయింది.

మేడమ్ కారులో వెళ్ళిపోయింది. శ్యామ్ తన నాలుగు పేజీలూ చించేస్తానంటూ స్టేషనుకి నడిచాడు. శ్రావ్య వంటపాక దాకా వచ్చి, "వెళ్ళొస్తాను మామ్మా," అంది. మరిడమ్మ తల ఊపింది. మాస్టారు గదులకి తాళాలు వేసి, తాళంచెవులు గోడ మీద పెట్టి వెళ్ళిపోయారు.

మరిడమ్మ పాక తలుపు దగ్గరికి లాగబోయి ఆగింది. గడప పక్కన దివ్య రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగి పల్చబడినవి, ఒకటి బోర్లాపడి, రెండోది దానిమీదకి ఎక్కి, పిల్ల విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.